రంగం మీద తిరిగిన విమానం

నేను ఒక ముసలి బాంబర్ విమానాన్ని. నా జాతిని లిబరేటర్ అంటారు. విడుదల చేసేది అని అర్థమట. బాంబులు మోసుకుపోయేదానికి ఆ పేరు పెట్టాలన్న ఆలోచన మనుషులకు తప్ప ఇంకెవరికీ రాదు. నాకు నాలుగు ఇంజన్లు, రెండు తోకలు, నేలకు ఆనుతుందేమో అన్నంత కిందికి దిగిన పొట్ట. గాల్లో ఉన్నప్పుడు సరేగాని, నేల మీద నన్ను చూసి అందంగా ఉన్నానన్నవాళ్లు లేరు. గుడ్లు పెట్టబోయే బాతులా ఉందనేవారు. ఆ మాటకు నేనెప్పుడూ నొచ్చుకోలేదు. బాతు ఈదుతుంది, నడుస్తుంది, ఎగురుతుంది. ఇన్ని పనులు వచ్చినదాన్ని చూసి, ఎగరడం అసలే రానివాళ్లు నవ్వడం లోకరీతి.

నేను అమెరికాలో పుట్టాను. ఒక చివర నిలబడితే రెండో చివర కనబడనంత పొడుగు షెడ్డు అది. మగవాళ్లు యుద్ధానికి పోయారు కాబట్టి నన్ను తయారుచేసింది చాలావరకు ఆడవాళ్లే. తలకు గుడ్డలు కట్టుకుని, ఒకామె బయటినుంచి రేకులు అతికే రివెట్ మేకు కొడుతుంటే ఇంకొకామె లోపల ఇనప దిమ్మ ఆనించి పట్టుకునేది. మేనేజరు మీద ఉన్న కోపమంతా రివెట్ల మీద చూపించేవారు. నేను ఇంత గట్టిగా పుట్టడానికి అదే కారణమనుకుంటాను.

అక్కడినుంచి సముద్రాలు దాటి బెంగాల్ వచ్చాను. బర్మాను జపాన్‌వాళ్లు పట్టుకుని ఉన్న రోజులు. గడ్డాలు సరిగా రాని సోల్జర్లు నన్ను ఎక్కి బర్మా మీదికి తీసుకుపోయేవారు. రేవులు, రైలు వంతెనలు, గోదాములు, ఇవీ మా గురి. వెళ్లొచ్చిన ప్రతిసారీ నా ముక్కు పక్కన పసుపు రంగుతో ఒక బాంబు బొమ్మ గీసి, కింద ఆ ఊరి పేరు రాసుకునేవారు. తర్వాత యుద్ధం అయిపోయింది. వాళ్లు నా ముందు నిలబడి ఫొటో దిగి, ఇళ్లకు వెళ్లిపోయారు.

మమ్మల్నందరినీ తెచ్చి కాన్పూరులో ఒక ఎయిర్‌ఫీల్డులో వరసగా నిలబెట్టారు. మమ్మల్ని ఇంగ్లీషువాళ్లకు అరువిచ్చిన అమెరికాకు మేం అక్కర్లేదు. అలాగని మమ్మల్ని ఇంకొకరు వాడుకోవడమూ వాళ్లకు ఇష్టం లేదు. ఎవరికీ పనికిరాకుండా చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. సోల్జర్లు గునపాలతో నా కిటికీలు పగలగొట్టారు. ఇంజన్లలో ఇసక పోశారు. ఒక డ్రైవరు తన ట్రక్కును వెనక్కి నడిపి నా డొక్కలో గుద్దించాడు. దిగి, పడిన సొట్ట చూసి, నన్ను ఒకసారి తట్టి, "సారీ" అని వెళ్లిపోయాడు. మనుషుల్లో అలాంటివాళ్లు ఉంటారు. కొట్టడమూ వాళ్లే, ఓదార్చడమూ వాళ్లే.

వాళ్లు ఇంటికి పోయే తొందరలో ఉండటం నా అదృష్టం. పని సగమే చేశారు. తర్వాత వానలు పడ్డాయి, గడ్డి నా రెక్కల ఎత్తు పెరిగింది. మేకలు నా నీడన పడుకునేవి. తోకలో గోరింకలు కాపురం పెట్టాయి.

ఇంతలో ఇండియాకు స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశానికి బాంబర్లు కావాల్సొచ్చాయి. బయటివాళ్లతో బేరం కుదరలేదు. అప్పుడెవరికో కాన్పూరు గడ్డిలో పడి ఉన్న మేం గుర్తొచ్చాం. బెంగుళూరులో విమానాలు బాగుచేసే కర్మాగారం నుంచి కొంతమంది మనుషులు రైల్లో దిగారు. నా వంతుకు ఇద్దరు తెలుగువాళ్లు వచ్చారు. అందుకే నేను ఇంగ్లీషులో పుట్టి తెలుగులో బాగుపడ్డానని చెప్పుకుంటాను.

ఒకాయన కాశీభట్ల నరహరి. రాజమండ్రి మనిషి, సన్నగా కొరడాలా ఉండేవాడు. ఇంజన్ల పని ఆయనది. జంధ్యానికి తాళంచెవి కట్టుకునే చోట చిన్న స్పానరు కట్టుకునేవాడు. రెండో ఆయన గెడ్డం ఏసుపాదం. కోరంగి దగ్గరివాడు, వెడల్పు భుజాలు, మెత్తటి మాట. రేకు పని ఆయనది.

నరహరి నా మొదటి ఇంజను మూత తీసి చెయ్యి లోపల పెట్టాడు. పిడికెడు ఇసక బయటికి తీసి ఏసుపాదానికి చూపించాడు.

"ఇదేం ఇంజనయ్యా, గోదారి తిన్నెలా ఉంది."

"ఇసకైతే కడుక్కోవచ్చండి. సిమెంటు పొయ్యలేదు, సంతోషించండి," అన్నాడు ఏసుపాదం.

అలా మొదలైంది. పడి ఉన్న నాలాంటివాటిలోంచి ఒకదాని గొట్టం, ఇంకొకదాని చక్రం, మరొకదాని రెక్క చివర తెచ్చి నాకు అతికారు. నాలో సగం నేను, సగం మా వరసలోని చుట్టపక్కాలు. తోక దగ్గర మాత్రం పని ఆగింది. గోరింక పిల్లలు ఎగిరిపోయేదాకా అక్కడ సుత్తి పడడానికి వీల్లేదని ఏసుపాదం అడ్డం నిలబడ్డాడు. నరహరి విసుక్కున్నాడు గానీ, రోజూ పొద్దున వచ్చి, "ఎగిరాయా?" అని అడిగేది ఆయనే.

నరహరి వంట వేరే. ఎడంగా ఒక రేకుల పంచన మడికట్టుకుని వండుకునేవాడు. ఒకరోజు వాన కమ్ముకొచ్చి ఆయన పొయ్యి, కట్టెలు, బియ్యం అన్నీ నానిపోయాయి. తడుస్తూ వచ్చి నా పొట్టలోకి దూరాడు. అక్కడ, బాంబులు వేలాడదీసే చోట, ఏసుపాదం కిరసనాయిలు స్టవ్ మీద అన్నం వార్చుకుని కూర్చున్నాడు. పక్కన ఆవకాయ జాడీ. నరహరి చాలాసేపు వాన వంక చూశాడు. తర్వాత అన్నం వంక చూశాడు.

"ఆవకాయ ఎవరు పెట్టారు?"

"మా ఇంటిదండి."

ఏసుపాదం ఇంకేమీ అడగకుండా ఇంకో పళ్లెంలో అన్నం పెట్టి ముందుకు జరిపాడు. నరహరి కలుపుకున్నాడు. "కారం ఎక్కువైంది," అన్నాడు. అని, ఇంకాస్త వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ రేకుల పంచలో పొయ్యి వెలగలేదు. ఆ సంగతి వాళ్లిద్దరూ మాట్లాడుకోగా కూడా నేను వినలేదు.

పాత రంగు గీకే రోజు వచ్చింది. ముక్కు పక్కన గడ్డి తీసేస్తే పసుపు బాంబు బొమ్మలు బయటపడ్డాయి. ఏసుపాదానికి ఇంగ్లీషు చదవడం రాదు. నరహరి సరదాగా పైకి చదివాడు.

"మాండలే... మౌల్మీన్... ఇదిగో, రంగూన్. మళ్లీ రంగూన్. అబ్బో, ఇదీ రంగూనే..."

వెనక సుత్తి కిందపడిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఏసుపాదం లేడు. చెట్ల వైపు నడిచి వెళ్లిపోతున్నాడు.

ఆ రోజు, మర్నాడు కూడా ఆయన పనిలోకి రాలేదు. వేపచెట్టు కింద కూర్చున్నాడు. రెండోరోజు సాయంత్రం నరహరి వెళ్లి పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పాడు. రంగూన్‌ని వాళ్ల ఊళ్లో రంగం అంటారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే, ఏసుపాదాన్ని పెంచింది అక్క సలోమమ్మ. పెళ్లయి రంగం వెళ్తూ తమ్ముణ్ణి కూడా ఓడెక్కించుకుంది. బావ రేవులో పనిచేసేవాడు. ఏసుపాదం రేకు పని నేర్చుకున్నది ఆ రేవులోనే. జపాన్‌వాళ్లు వచ్చినప్పుడు జనం అడవులు పట్టి నడిచి ఇండియా వచ్చారు. అక్క అప్పుడు నెలలు నిండిన మనిషి. నడవలేదు. తమ్ముణ్ణి మాత్రం తిట్టి, బతిమాలి పంపించింది.

"రేవు పక్క వీధండి వాళ్లది," అన్నాడు ఏసుపాదం. "ఇప్పటిదాకా కబురు లేదు. ఉందో లేదో తెలీదు."

నరహరి నా ముక్కు వైపు చూశాడు. "దీన్ని వదిలేద్దాం. వరసలో ఇంకోదాన్ని తీసుకుందాం. నేను పెద్దవాళ్లతో చెప్పుకుంటాను," అన్నాడు.

"ఇంకోటి మాత్రం కాశీకి వెళ్లొచ్చిందాండీ?"

ఇద్దరూ నా వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు మాట వచ్చినా ఆ క్షణంలో ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

పొద్దు వాలాక ఏసుపాదం లేచి, పంచె దులుపుకున్నాడు. "అక్క బతికుంటే, చేతిలో పని మధ్యలో వదిలేశావేరా అని తిడుతుందండి. పోయుంటే, దీన్ని ముక్కలు చేసినా తిరిగిరాదు. రేపొస్తాను."

మర్నాడు వచ్చాడు. నరహరి గీకుడు బిళ్ల ఆయన చేతికిచ్చి, "ముక్కు దగ్గర నువ్వే గీకు," అని తన ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు. ఏసుపాదం ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా గీకాడు. కోపంగా కాదు. పసిపిల్లవాడి ముఖం మీద ఎండిన మసి తుడిచినట్టు, తడిగుడ్డ అద్దుకుంటూ.

నేను నిలబడగలిగేసరికి పైలట్ వచ్చారు. వత్సవాయి గోపాలరాజు గారు. నిడదవోలు వైపు ఆసామీల బిడ్డ, మీసాలు, చుట్ట, నవ్వు. నా సంగతి ఆయనకు అరమరికలు లేకుండా చెప్పారు. ఇంజన్ల తీరు చూపే గడియారాల్లో సగం పనిచెయ్యవు, రేడియో లేదు, కిటికీలకు అట్టలు. బెంగుళూరుదాకా ఎగిరి చేరితే అక్కడ పూర్తిగా విప్పి కొత్తగా బిగిస్తారు. రాజు గారు నా చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఎగరేస్తాను. కానీ బాగుచేసినవాళ్లిద్దరూ నాతో ఎక్కాలి."

ఏసుపాదం తలూపాడు. నరహరి ఒకడుగు వెనక్కి వేశాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇన్నేళ్లుగా విమానాలు బాగుచేస్తున్న ఆ మనిషి ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఆయనకు ఎత్తంటే భయం. మేడ పిట్టగోడ దగ్గరికి కూడా వెళ్లడట.

"నేను కింద బాగుచేసేవాణ్ణండీ. పైన నాకేం పని?"

"పైన చెడితే?"

"చెడదండి."

"చెడనప్పుడు ఎక్కడానికి భయమెందుకు?"

నరహరి ఎక్కాడు. చెక్క పీట మీద కూర్చుని, నా పక్కటెముక ఒకటి రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు. నేను ఊగుతూ, దగ్గుతూ, రన్‌వే చివరిదాకా పరుగెత్తి, లేచాను. గడ్డిలో పడి ఉన్నదాన్ని మళ్లీ గాల్లోకి వచ్చాను. నా సొట్టలన్నీ ఈల వేశాయి.

వింధ్య కొండలు దాటాక మూడో ఇంజను నూనె కక్కింది. రాజు గారు దాన్ని ఆపేశారు. మూడింటితో ఎత్తు నిలబడక, అప్పటిదాకా జాగ్రత్తకని దించే ఉంచిన, గాలికి అడ్డుపడుతున్న చక్రాలను లోపలికి ముడిచారు. దాంతో నిలదొక్కుకున్నాను. బెంగుళూరు కనబడేసరికి చక్రాలు మళ్లీ దించబోతే, రెక్కల కిందివి దిగాయి. ముక్కు కిందిది దిగలేదు. ముక్కు చక్రం లేకుండా దిగితే నా మూతి నేలలో దిగబడి, వెనకున్న పెట్రోలు అంటుకుంటుంది.

రాజు గారు తల తిప్పకుండానే అరిచారు. "నరహరీ! దండకం తర్వాత. ముక్కులోకి పాకి ఆ చక్రాన్ని చేత్తో ఎత్తి తొయ్యాలి. ఒక్కడివల్ల కాదు, ఏసుపాదాన్ని తీసుకుపో."

నా ముక్కులోకి దారి కుక్క దూరే కంతంత ఉంటుంది. ఏసుపాదం ముందు, నరహరి వెనక పాకారు. చక్రం గది తలుపు తెరుచుకునే ఉంది. కింద నేల లేదు. గాలి హోరు, ఎక్కడో లోతున పొలాలు.

"నా నడుం పట్టుకోండి," అన్నాడు ఏసుపాదం. "నేను వంగి తోస్తాను."

"చక్రాన్ని పట్టి ఉంచిన కొక్కెం ఎక్కడుందో నీకు తెలీదు. నువ్వే నన్ను పట్టుకో," అన్నాడు నరహరి. తన నోట్లోంచి ఆ మాట వచ్చిందని ఆయనకే ఆశ్చర్యం వేసి ఉంటుంది.

ఏసుపాదం ఒక చేత్తో నా దూలాన్ని, ఒక చేత్తో నరహరి పంచెకట్టును బిగించి పట్టుకున్నాడు. నరహరి సగం మనిషి బయటికి వేలాడాడు. కొక్కెం లాగాడు. భుజంతో చక్రాన్ని ఎత్తి తోశాడు. కదల్లేదు. బూతులు తిట్టి మళ్లీ తోశాడు. ఖణేలుమని దిగి బిగుసుకుంది.

"రండి, లాగేస్తున్నాను," అని అరిచాడు ఏసుపాదం.

"ఆగవయ్యా!" అన్నాడు నరహరి. కళ్లు విప్పి కిందికి చూస్తున్నాడు. "ఆగు. ఒక్క నిమిషం ఆగు. ఎంత బాగుందో."

మేం క్షేమంగా దిగాం. నేల మీద కాలు పెట్టగానే నరహరి దండం పెట్టి, ఇంకెప్పుడూ ఎక్కనని ఒట్టు పెట్టుకుంటాడనుకున్నాను. ఆయన నూనె మరకల ముఖం తుడుచుకుంటూ రాజు గారి దగ్గరికి వెళ్లి, "మళ్లీ ఎప్పుడెక్కుతున్నామండీ?" అని అడిగాడు.

బెంగుళూరులో నన్ను ఆఖరి మరదాకా విప్పి బిగించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సముద్రం మీద కాపలా తిరిగాను. ఒక తుఫానులో తీర గ్రామాల మీద బియ్యం మూటలు జారవిడిచాను. బాంబు గురి చూసేవాడు ఆ రోజు మూట ఎవరి నెత్తినా పడకూడదని పడ్డ తంటాలు చూస్తే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఎగరడం మానేసి మ్యూజియంలో ఉన్నాను. రంగు వేశారు, అద్దాలు మార్చారు. మనుషులొచ్చి ఎంత వేగం, ఎంత బరువు, ఎన్ని బాంబులు అని అడుగుతారు. నా మటుకు నేను తలుచుకునేది వేరే ఒక ప్రయాణం. అది చెప్పి ముగిస్తాను.

అరవైల్లో బర్మా ప్రభుత్వం మనవాళ్లను పంపించేసింది. ఓడల్లో వేలమంది విశాఖపట్నంలో దిగారు. వాళ్లలో సలోమమ్మ ఉంది. కోరంగి వెళ్లి తమ్ముడి జాడ కనుక్కుని, కొడుకును వెంటపెట్టుకుని బెంగుళూరు వచ్చింది. నేను అప్పుడు మరమ్మతుకు ఆ కర్మాగారానికే వచ్చి ఉన్నాను. ఏసుపాదం అక్కను నా దగ్గరికి తీసుకొచ్చాడు. తెల్లచీర, నెరిసిన జుట్టు, నిటారు మనిషి. పక్కనే నరహరి.

"అక్కా, ఇది నేను బాగుచేసిన విమానం," అన్నాడు ఏసుపాదం. కాస్త ఆగి, "నీ దగ్గర దాచలేను. ఇది రంగం మీదికి వెళ్లిందే," అన్నాడు.

ఆవిడ భర్త రేవు వీధిలో మా బాంబులు పడిన రోజునే పోయాడు. అందరూ దాక్కునే గోతిలోకి దిగారట, ఆయన పక్కింటి ముసలమ్మను తెస్తానని వెళ్లాడట. సలోమమ్మ నా పక్కగా నడుచుకుంటూ వచ్చి, అరచెయ్యి నా డొక్క మీద ఆనించింది. వేలితో నొక్కింది. నా రేకు లోపలికి వంగింది.

"ఇంత పల్చనట్రా?" అంది ఆశ్చర్యంగా. "మేం కింద దాక్కుని, ఇదేదో కొండంత అనుకునేవాళ్లం."

తర్వాత నరహరి వైపు తిరిగింది. "ఇది ఇంకా ఎగురుతుందా బాబూ?"

"ఎగురుతుందమ్మా. రేపు పొద్దున్నే ఎగరేసి చూస్తాం."

"అయితే నన్నెక్కించండి. కింద నుంచి చూశాను. పైనుంచి ఎలా ఉంటుందో చూడాలి."

అది రూలుకు ఒప్పే పని కాదు. కానీ పైలట్ గోపాలరాజు గారే. జుట్టు తెల్లబడింది, చుట్ట మారలేదు. "బరువుకని పెట్టే ఇసక మూటలకు బదులు ఒక మనిషి. బరువు బరువేగా," అన్నారు.

పొద్దున్న ఎండలో లేచాను. సలోమమ్మ పక్క కిటికీ దగ్గర, ఒకప్పుడు తుపాకీ పట్టినవాడు నిలబడ్డ చోట, తమ్ముడి చెయ్యి పట్టుకుని నిలబడింది. చాలాసేపు కిందికి చూసింది.

"ఏసూ, ఆ చీమలేంట్రా?"

"మనుషులక్కా. సంత జరుగుతోంది."

"మనుషులని నీకెలా తెలుసు?"

"కిందినుంచే కదక్కా వచ్చాం."

ఆవిడ తల ఊపింది. కళ్లు తుడుచుకుంది. "అయితే అప్పుడు పైనున్నవాళ్లకి మేం కనబడి ఉండంరా," అంది మెల్లగా. "మీ బావ కనబడి ఉండడు."

ఏసుపాదం అక్క భుజం చుట్టూ చెయ్యి వేశాడు. నరహరి ఇంజన్ల గడియారాలు వదిలేసి, ముందుకెళ్లి రాజు గారి చెవిలో ఏదో చెప్పాడు. రాజు గారు నన్ను కిందికి దించసాగారు. చెట్లు చెట్లయ్యాయి. ఇళ్లు ఇళ్లయ్యాయి. ఊరి చివర ఒక డాబా మీద ఒకామె తడిబట్టలు ఆరేస్తోంది. నా చప్పుడుకు తలెత్తి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సలోమమ్మ కొంగు తీసి కిటికీలోంచి ఊపింది. కిందామె ఒక్క క్షణం అలాగే నిలబడి, చేతిలో ఉన్న తడిచీర పైకెత్తి ఊపింది.

"చూసిందిరా! నన్ను చూసింది!" అంది సలోమమ్మ.

రాజు గారు ఆ ఊరి మీద ఇంకో చుట్టు తిప్పారు. అంత కిందుగా, అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఎగరలేదు.